చుక్కల జల్లెడ

మా ఆసుపత్రిలో నన్ను చాటుగా తాళాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మా బావే. అక్కడ నెట్‌వర్క్ పని నాది. ఏ కంప్యూటర్ దేనితో మాట్లాడాలి, బయటివాడు ఎంతవరకు లోపలికి రావచ్చు అన్నది పదమూడేళ్లుగా నేనే తేలుస్తున్నాను. ఎంత పెద్ద డాక్టరయినా సరే, ఇంటి నుంచి రిపోర్టులు చూడాలంటే నన్ను బతిమాలుకోవాల్సిందే. నిజం చెప్పాలంటే, అనుమతి ఇవ్వడంలో కంటే ఇవ్వకపోవడంలోనే నాకు సుఖం ఎక్కువ. "మా మరదల్ని చేసుకునేవాడెవడో కానీ, గడప దాటాలంటే మూడు పాస్‌వర్డ్‌లు చెప్పాలి" అని బావ భోజనాల దగ్గర ఏడిపించేవాడు.

ఇప్పుడు ఏడిపించడు. రెండేళ్లుగా నన్ను 'మీరు' అంటున్నాడు.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. బావ మా ఆసుపత్రిలోనే రికార్డుల విభాగంలో గుమాస్తాగా ఉండేవాడు. ఒకరోజు ఒక వార్డులో ఏళ్ల తరబడి చేరిన రోగుల వివరాలన్నీ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి. పేరు, ఇల్లు, జబ్బు, వాడుతున్న మందులతో సహా. పదిమందికీ తెలియకూడని జబ్బులవి. ఊరంతా చదువుకుంది. కొందరికి ఉద్యోగాలు పోయాయి, ఒకామె ముఖం చూపించలేక ఇల్లు మారింది. విచారణ నాకు అప్పగించారు. మా బంధుత్వం సూపరింటెండెంట్‌గారికి తెలుసు. నీ చేతుల మీదుగానే తేలితే ఎవరూ వేలెత్తి చూపరు అన్నారు.

ఏ సర్వరయినా తన తలుపు ఎవరు ఎప్పుడు తట్టారో తనంతట తానే రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. రోజుకు లక్షల లైన్లు ఉంటాయి, కళ్లతో చదివితే అయ్యేది కాదు. అందుకని నేను ఎప్పుడో ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టుకున్నాను. దాని పేరు జల్లెడ. లాగ్ మొత్తాన్ని అందులో పోస్తే ఎవరెవరు వచ్చారో వాళ్ల చిరునామాలు మాత్రం మిగులుతాయి. వివరాలు బయటికి పోయిన రెండు గంటల లాగ్‌ను అందులో పోశాను. ఆ వార్డు రికార్డులు తెరిచినవి పదకొండు లైన్లు మిగిలాయి. పదకొండూ ఒకే కంప్యూటర్‌వి. ఆ పూట ఆ కుర్చీలో ఉన్నది బావ ఒక్కడే.

బయటి నుంచి దారి లేదు, లోపలివాళ్ల పనే అని నివేదిక రాసి సంతకం పెట్టాను. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వు పట్టావమ్మా" అన్నారు సూపరింటెండెంట్‌గారు. సొంత బావ అని కూడా చూడలేదని నలుగురూ అనుకుంటుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల కాస్త గర్వంగానే ఉండింది.

ఆసుపత్రి పరువు పోతుందని పోలీసుల దాకా వెళ్లలేదు. ఉద్యోగం తీసేసి పంపేశారు. వెళ్లే రోజు గేటు దగ్గర బావ చేత సంచి విప్పించి, అందులోని సామాను ఒక్కొక్కటే బల్ల మీద పెట్టించారు. "నేను తీయలేదు" అని బావ ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడొక ఫోటోకాపీ షాపులో పనిచేస్తున్నాడు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు బోర్లా తిప్పి పట్టుకుంటాడట, చదివాడన్న మాట రాకుండా. సాయంత్రం ఇంటికి రాగానే సంచి బల్ల మీద పెట్టి, జిప్పు లాగి, లోపలివన్నీ బయట పెడతాడు. డబ్బా, గొడుగు, కళ్లజోడు పెట్టె, దువ్వెన. అక్క చూసేదాకా ఉంచి, మళ్లీ సర్దుకుంటాడు. అలా చేయమని ఆయనకెవరూ చెప్పలేదు. మానమనీ చెప్పలేదు. నేనుండేది వాళ్ల మేడ మీద గదిలో, భోజనం కిందే. రెండేళ్లుగా రోజూ ఆ డబ్బానీ ఆ గొడుగునీ చూసి, కంచం వైపు తల తిప్పుకుంటున్నాను.

ఇక ట్రైనింగు సంగతి. మా విభాగానికి పెద్దగా ఉన్నాయన రిటైరవుతున్నారు. ఆ కుర్చీ నాకు రావాలంటే నెట్‌వర్క్ భద్రతలో ఒక సర్టిఫికెట్ ఉండాలన్నారు. ఐదు రోజుల క్లాసు, ఐదో రోజు పరీక్ష. సాయంత్రం క్లాసు ముగిసేలోపు తలుపు దాటి వెళ్లినవాళ్లను పరీక్షకు కూర్చోనివ్వరు. పొద్దున్నే ఫోన్లన్నీ ఒక ట్రేలో పెట్టించి, మధ్యాహ్నం ఒంటి గంటకు, భోజనం వేళ, తిరిగిస్తారు. పద్నాలుగు మందిమి, పద్నాలుగు కంప్యూటర్లు, ఒక తెల్ల బోర్డు. పాఠం చెప్పేది సన్నగా పొడుగ్గా ఉండే ఒక ఇన్‌స్ట్రక్టర్. గొంతు పెంచడు, ఎవరినీ మెచ్చుకోడు. ఎవరికి ఏది రాదో సరిగ్గా అక్కడే ప్రశ్న గుచ్చుతాడు. మొదటి రోజు టీ విరామంలోనే ఆయనకు సూదిగారు అని పేరు పడింది.

ఆ రోజే మా అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, మీ సంస్థలో కొత్త ప్రోటోకాల్ వాడుతున్నారా అని అడిగారు. పాత పద్ధతిలో ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ నాలుగు సంఖ్యల చిరునామా ఉంటుంది, సంఖ్యకూ సంఖ్యకూ మధ్య చుక్క. ప్రపంచంలో యంత్రాలు పెరిగి ఆ చిరునామాలు చాలక కొత్త పద్ధతి తెచ్చారు. ఐపీ వెర్షన్ సిక్స్ అంటారు. అందులో చిరునామా బారెడు పొడుగు, చుక్కల బదులు కోలన్లు. ఇదంతా నేను విన్నదే. అది వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుని పక్కన పెట్టిందే. చీటీ మీద "లేదు. వాడే ఉద్దేశమూ లేదు" అని రాసి ఇచ్చాను. సూదిగారు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. మిగతావాళ్ల చీటీలు బల్ల మీదే వదిలేశారు. అది నాకు నచ్చలేదు.

మూడో రోజు పొద్దున మమ్మల్ని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు ఒక చిన్న నెట్‌వర్క్‌కు తాళాలు వేయాలి, రెండో జట్టు బద్దలు కొట్టాలి. తాళాల జట్టుకు నాయకత్వం నాకే ఇచ్చారు. గంటసేపు ఒళ్లు వంచి పనిచేశాను. ఒక్క సందు వదల్లేదు. పక్కనున్నవాళ్లు ఇక దూరేదెవడు అని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నాలుగు నిమిషాలు పట్టింది. మా సర్వర్ తెర మీద "తాళాలు చాలా బాగున్నాయండీ" అన్న అక్షరాలు వచ్చాయి. గదంతా నవ్వు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎలా వచ్చారో కనుక్కోమన్నారు సూదిగారు. అదెంత పని అనుకుని నా జల్లెడను అక్కడికక్కడే మళ్లీ రాసి, లాగ్ మొత్తం అందులో పోశాను. ఎనిమిదేళ్లుగా వాడుతున్నది, కళ్లు మూసుకుని రాయగలను. జవాబు వచ్చింది. సున్నా లైన్లు.

ఎవరూ రాలేదు అని చెప్పాను. చెప్పాక నాకే నవ్వొచ్చింది, తెర మీద అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి మరి.

"దొంగ వచ్చి గోడ మీద సంతకం చేసి వెళ్లాడు. మీరు ఎవరూ రాలేదంటున్నారు" అన్నారు సూదిగారు. ఆయన మాత్రం నవ్వలేదు. నా పక్కకు వచ్చి, జల్లెడ తీసేసి, లాగ్‌ను ఉన్నదున్నట్టు తెరిచారు. రెండో జట్టువాళ్లు వచ్చిన లైన్లు వరసగా ఉన్నాయి, మొదటి నుంచి చివరిదాకా. ప్రతి లైనులో బారెడు చిరునామా, కోలన్లతో. మా సర్వర్‌కు ఆ కొత్త చిరునామా ఎవరూ ఇవ్వలేదు. పాతదాన్ని మనం ఇవ్వాలి, కొత్తదాన్ని యంత్రం అడక్కుండానే తనంతట తాను తగిలించుకుంటుంది. నేను వేసిన తాళాలన్నీ పాత తలుపుకే. కొత్త తలుపు బార్లా తెరిచే ఉంది. ఇక నా జల్లెడ నాలుగు సంఖ్యలూ మధ్య చుక్కలూ ఉన్న చిరునామాల కోసమే వెతుకుతుంది. చుక్కలు లేని లైనును చెత్త కింద లెక్కేసి పారేస్తుంది. అలా పారేయమని దానికి చెప్పింది నేనే.

"ఈ జల్లెడ ఎన్నాళ్లుగా వాడుతున్నారు?" అని అడిగారు.

ఎనిమిదేళ్లన్నాను. మీ సంస్థ ఇంటర్నెట్ లైను ఈ మూడేళ్లలో మార్చారా అని అడిగారు. మార్చామన్నాను. కొత్త లైన్లలో పాతదీ కొత్తదీ రెండూ కలిసే వస్తాయి, చెప్పి రావు అన్నారు. లైను ఎప్పుడు మారిందో లెక్కేసుకున్నాను. వార్డు వివరాలు బయటపడటానికి సరిగ్గా నెల ముందు.

కుర్చీలోనే ఉన్నాను, తెర వైపే చూస్తున్నాను, కానీ నాకు కనపడుతున్నది ఆ పదకొండు లైన్లు. జల్లెడలో మిగిలినవి పదకొండు. కిందికి రాలిపోయినవి ఎన్నో నేను ఎప్పుడూ చూడలేదు. నివేదికకు ఆ పదకొండే జతచేశాను. అసలు లాగ్ పాత రికార్డుల సర్వర్‌లోనే ఉండిపోయింది. పోయినేడు కొత్త సర్వర్ కొన్నాక పాతదాన్ని స్టోర్‌లో పడేశారు. దాని డిస్కులు ఇక అక్కర్లేదు, డ్రిల్లుతో తూట్లు పొడిపించి పారేయండి అని పోయిన వారమే నేను సంతకం పెట్టాను.

ఆ పని జరిగేది ఆ రోజే, మధ్యాహ్నం మూడు గంటలకు.

గోడ గడియారంలో పన్నెండున్నర. లేచి వెళ్లి నా ఫోన్ కావాలన్నాను. ఒంటి గంటకు ఇస్తామన్నారు సూదిగారు. అప్పటిదాకా ఆగలేను, వెళ్లాలి అన్నాను. తలుపు దాటితే పరీక్ష ఉండదని గుర్తుచేశారు. చుట్టూ పదమూడు మంది వింటున్నారని తెలిసే చెప్పాను. "నా జల్లెడ వల్ల ఒక మనిషి దొంగయ్యాడు. మా అక్క మొగుడు."

ఆయన ట్రేలోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు. "ముందు తెరిచున్న తలుపు మూయించండి. తర్వాత ఆ డిస్కులు కాపాడండి. ఈసారి మాత్రం లాగ్ ఒంటరిగా చూడకండి" అన్నారు. ధైర్యం చెప్పలేదు, మంచిదే అయింది, చెప్పి ఉంటే అక్కడే ఏడ్చేదాన్ని.

మెట్లు దిగుతూనే నా కింద పనిచేసే ఇంజనీరుకు ఫోన్ చేశాను. కొత్త ప్రోటోకాల్ దారిని ముఖద్వారం దగ్గరే ఎలా మూయాలో ఒక్కో అక్షరం చెప్పి టైపు చేయించాను. మూసేశాడు. ఈ రెండేళ్లూ ఇది తెరిచే ఉందా మేడమ్ అన్నాడు. ముందు స్టోర్‌కు పరిగెత్తి పని ఆపించు అన్నాను. పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేశాడు. డ్రిల్లు మనిషి ముందే వచ్చేశాడట. స్టోర్ కీపరు ఆపనంటున్నాడట.

"సంతకం పెట్టినవాళ్లే వచ్చి రద్దు కాగితం మీద సంతకం పెట్టాలంటున్నారు మేడమ్. నోటిమాట చెల్లదట."

ఆ నిబంధన పెట్టింది కూడా నేనే. ఎవరో ఫోన్ చేసి నా పేరు చెబితే వినకండి, కాగితం ఉంటేనే వినండి అని పోయినేడు అందరినీ కూర్చోబెట్టి క్లాసు పీకాను. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అనలేదు. మూడింటి వరకైనా ఆగమని చెప్పమన్నాను. డ్రిల్లు మనిషికి ఇంకో చోట పనుందట, ఆగడట.

టాక్సీ ఎక్కాను. మామూలుగా నలభై నిమిషాల దారి. డ్రైవరు మాటకారి, ఏమ్మా ఆసుపత్రికా, ఎవరికి బాగోలేదు అని అడిగాడు. మా బావకని చెప్పాను. పాపం అని వేగం పెంచాడు.

సగం దారిలో పెద్ద సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. ముందు బారులు తీరిన కార్లు. అప్పుడొక ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. నేను చేరేసరికి డిస్కులకు తూట్లు పడిపోయి ఉంటే, ఇంకెప్పటికీ ఎవరికీ ఏమీ తెలియదు. తలుపు ఎలాగూ మూయించేశాను. రేపు పొద్దున సూదిగారి కాళ్లో వేళ్లో పట్టుకుంటే పరీక్షకు కూర్చోనిచ్చినా ఇవ్వొచ్చు. కుర్చీ నాదే. అసలు ఆ లాగ్‌లో ఏమీ లేకపోతే? బావే తీసి ఉంటే? ఉన్న పరువు కూడా తీసుకోవడం తప్ప ఒరిగేదేమిటి? సిగ్నల్ పచ్చబడింది. మా ముందు కారు కదలలేదు. డ్రైవరు హారన్ కొట్టబోతే, పర్లేదులెండి అన్నాను.

అన్నది నా నోరే. విని నాకే భయమేసింది. నేను ఇలాంటి మనిషినా అనిపించింది. రెండేళ్లుగా రోజూ సాయంత్రం చూసి తల తిప్పుకున్న గొడుగు కళ్ల ముందుకొచ్చింది. హారన్ కొట్టండి అన్నాను. అతను కొట్టాడు. అయినా కార్లు కదలకపోతే డబ్బులు సీటు మీద పడేసి దిగి పరిగెత్తాను. నలభై మూడేళ్ల ఆడమనిషి సంచి చంకన పెట్టుకుని నడిరోడ్డున పరిగెడితే జనం ఎలా చూస్తారో అలాగే చూశారు.

ఆసుపత్రి వెనక వైపు స్టోర్. వరండాలో అడుగు పెడుతుండగానే డ్రిల్లు శబ్దం వినపడింది. లోపలికి వెళ్లేసరికి బల్ల మీద ఇనుప పట్టీలో ఒక డిస్కు బిగించి ఉంది. నేల మీద ఇంకోటి, మధ్యలో నాలుగు తూట్లతో. డ్రిల్లు మనిషి మొన ఆనించబోతున్నాడు. వెళ్లి డిస్కు మీద అరచెయ్యి పెట్టేశాను. అతను మిషన్ కట్టేసి, నా చెయ్యినీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

పాత సర్వర్‌లో రెండు డిస్కులు జంటగా ఉంటాయి. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది, ఒకటి చెడిపోయినా పని ఆగకూడదని. ఒకటి పోయింది. జంటది నా చేతి కింద ఉంది.

స్టోర్ కీపరు పెద్దాయన రద్దు కాగితం ముందు పెట్టాడు. సంతకం పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని పాత కాగితం పక్కన పెట్టి పోల్చి చూసి, సంతకం కలవలేదమ్మా, ఇంకోసారి పెట్టండి అన్నాడు. పరిగెత్తిన ఆయాసం ఇంకా తీరలేదు. రెండోదీ కలవలేదు. మంచినీళ్లు తాగి రండి, తొందరేముంది అన్నాడు. ఆ క్షణాన ఆయన్ని కొట్టాలనిపించింది కానీ, ఆ మనిషి చేస్తున్నది తన పని. గోడకు ఆనుకుని వందదాకా లెక్కపెట్టుకుని మూడోసారి పెట్టాను. కలిసింది.

డిస్కు ఒళ్లో పెట్టుకుని సూపరింటెండెంట్‌గారి గదిలో కూర్చున్నాను. ఆయన అంతా విన్నారు. చల్లారిన నిప్పును మళ్లీ ఊదడం ఎందుకన్నారు. మీ బావకు ఎక్కడో పని దొరికింది కదా, మనుషులు మరిచిపోయారు కదా, నీకు ప్రమోషన్ వచ్చే వేళ ఇదేమిటన్నారు. ఆయన చెడ్డవారు కారు. నెమ్మది మనిషి, గొడవలంటే భయం.

"ఇంటి దొంగను పట్టానని మీరే మెచ్చుకున్నారు సార్. ఇంటి దొంగ ఉన్నాడో లేడో ఇప్పుడు మీరు కూడా నా పక్కన కూర్చుని చూడాలి" అన్నాను.

కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేశారు. తర్వాత లేచి వచ్చారు.

మా గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఇంజనీరు డిస్కు తగిలించాడు. ఒక్క అక్షరం కూడా మారకుండా చదవడానికి మాత్రమే తెరిపించాను. ఆ తేదీ, ఆ రెండు గంటలు, ఆ వార్డు రికార్డులు. జల్లెడ లేకుండా. యంత్రం వెతుకుతోంది. ఏమీ లేకపోతే బావ దొంగ. ఉంటే నేను దోషిని. ఏది రావాలని దణ్ణం పెట్టుకోవాలో తెలియక ఊరికే కూర్చున్నాను.

లైన్లు రావడం మొదలైంది. తెర నిండింది, ఆగలేదు. నాలుగు వేల రెండు వందల పదహారు. అన్నీ కోలన్ల చిరునామాలే, అన్నీ ఒకే చోటి నుంచి, మన భవనంతో సంబంధం లేని బయటి చిరునామా. ఒక్కో లైనుకు ఒక్కో రోగి. పదకొండు లైన్లతో వార్డు మొత్తం ఎలా పోయిందని అప్పుడు నన్ను నేనే అడుక్కోలేదు. బావ పదకొండు లైన్లు వాటి మధ్యలో అక్కడక్కడా ఉన్నాయి. అంతేకాదు, మొదటి బయటి లైను బావ ఆ పూట కంప్యూటర్ తెరవడానికి తొమ్మిది నిమిషాల ముందుది.

ఇది అప్పుడెందుకు కనపడలేదని సూపరింటెండెంట్‌గారు అడిగారు.

"నేను చుక్కలున్నవే వెతికాను సార్. మిగతావి పారేశాను."

దీన్ని సాంకేతిక పరిమితి అని రాయవచ్చు కదా అన్నారు. నన్ను కాపాడదామనే అన్నారు. నేను అప్పటికే టైపు చేయడం మొదలుపెట్టాను. నా నివేదిక తప్పు, నా వెతుకులాట తప్పు, ఒక అమాయకుణ్ణి నేను దొంగను చేశాను అని మూడు వాక్యాలు, కింద ఆధారాలు. ఆయన రెండుసార్లు చదివి స్వీకరించినట్టు ముద్ర వేసి, ఒక నకలు నా చేతికిచ్చారు. నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేనమ్మా, పైవాళ్లు తేలుస్తారు అన్నారు. సరేనన్నాను.

ఇంటికి చేరేసరికి ఆరు. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. కాగితం ఇచ్చాను. చేతులు తుడుచుకుని నిలబడే చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అయితే ఆయన చెప్పింది నిజమేనా?" అంది.

నిజమేనన్నాను.

"నేను అడగనే లేదే ఆయన్ని. నువ్వు రాశావు కదా అని. నా చెల్లెలు అబద్ధం రాయదు కదా అని." ఆ మాటలంటూ స్టవ్ పక్కన స్టూలు మీద కూలబడింది. నేను అక్క పక్కన నేల మీద కూర్చున్నాను. నా తల మీద చెయ్యి వేయలేదు. వేయాలని నేనూ అనుకోలేదు.

ఆరున్నరకు బావ వచ్చాడు. చెప్పులు విడిచి, సంచి బల్ల మీద పెట్టి, జిప్పు లాగాడు. డబ్బా తీసి పెట్టాడు. గొడుగు తీసి పెట్టాడు. అక్క వంటింట్లోంచి వచ్చింది. గొడుగు తీసి సంచిలో పెట్టింది. డబ్బా తీసి సంచిలో పెట్టింది. జిప్పు మూసి, తీసుకెళ్లి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. బావ చేతులు బల్ల మీద అలాగే ఉండిపోయాయి, ఏం చేయాలో తెలియనట్టు.

కాగితం ఆయన ముందు పెట్టాను. ఆసుపత్రి ముద్ర కనపడగానే, అలవాటు కొద్దీ, బోర్లా తిప్పేశాడు.

"చదవండి బావా. అది మీదే" అన్నాను.

చదివాడు. కళ్లజోడు సంచిలో ఉండిపోయింది, అందుకని కాగితం దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. తప్పయిపోయింది, క్షమించమని అడిగాను. కాగితం వైపే చూస్తూ అన్నాడు.

"ఆ పదకొండూ ఏమిటో నన్నెవరూ అడగలేదు. ఆ రోజు డిశ్చార్జి అయినవాళ్లవి. అడిగి ఉంటే పేర్లతో సహా చెప్పేవాణ్ణి."

అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బావ ఏడవలేదు, లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాడు.

మర్నాడు నేను క్లాసుకు వెళ్లలేదు, ఆసుపత్రికి వెళ్లాను. మిగతా సర్వర్ల తలుపులన్నీ ఒక్కొక్కటే తట్టి చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను. మధ్యాహ్నం సూదిగారి దగ్గర నుంచి ఒక కవరు వచ్చింది. లోపల నా చీటీ ఉంది. "లేదు. వాడే ఉద్దేశమూ లేదు" అన్న నా అక్షరాల కింద, వచ్చే బ్యాచ్ మొదలయ్యే తేదీ రాసి ఉంది.

ఆ సాయంత్రం బావ వచ్చేసరికి అక్కా నేనూ ముందు గదిలోనే ఉన్నాం. ఆయన చెప్పులు విడిచాడు. సంచి బల్ల మీద పెట్టాడు. చెయ్యి జిప్పు మీదకు పోయింది. మేమిద్దరం ఆ చేతినే చూస్తున్నాం. కాసేపు అక్కడే ఉంది చెయ్యి. తర్వాత జిప్పు వదిలేసి, సంచి తీసుకెళ్లి, తనే కొక్కేనికి తగిలించాడు.

వెళ్లేవాడల్లా ఆగి నా వైపు చూశాడు. "మీరు అన్నం తిన్నారా?" అని అడిగాడు.

మీరు అనే అన్నాడు. ఇంకొన్నాళ్లు అననీ. లేదు బావా, మీకోసమే చూస్తున్నాను అని చెప్పి కంచాలు పెట్టడానికి లేచాను.